వాలంటీర్ల షెడ్యూలింగ్ టూల్స్ రివ్యూ: ముందు "రాలేను" బటన్ ఎక్కడుందో చూడండి

మేం కొంతమందిమి కలిసి చూపు లేని విద్యార్థులకి స్క్రైబ్‌లుగా వెళ్తుంటాం, అంటే పరీక్షలో వాళ్ళు చెప్తుంటే మేం రాస్తాం, పరీక్షలు లేని రోజుల్లో వాళ్ళ పుస్తకాలు చదివి రికార్డ్ చేసి పంపిస్తాం. ఇప్పుడు 70 మంది దాకా వాలంటీర్లు ఉన్నారు, ఎవరు ఏ రోజు ఏ సెంటర్‌కి వెళ్ళాలో చూసుకునే పని నాలుగేళ్ళుగా నాదే. షీట్‌తో మొదలుపెట్టి చాలా టూల్స్ చూశాం, కొన్ని ట్రయల్‌లోనే ఆపేశాం, కొన్ని ఒక పరీక్షల సీజన్ మొత్తం వాడాం. మీరు కూడా వాలంటీర్ల షిఫ్టులు ఫోన్లు చేసి చేసి నింపుతుంటే ఈ రివ్యూ మీకోసమే, కొంచెం పెద్దగా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

అసలు టూల్ కావాలని ఎందుకు అనిపించిందో చెప్తా. ఒక రోజు పొద్దున పరీక్షకి అరగంట ముందు ఒక స్టూడెంట్ ఫోన్ చేసింది, అక్కా ఇంకా ఎవరూ రాలేదు అని. షీట్ తెరిచి చూస్తే ఆ స్లాట్‌లో పేరు ఉంది, ఆయన నంబర్ ఉంది, అంతా సరిగ్గానే ఉంది. ఆయనకి ఫోన్ చేస్తే, నిన్న రాత్రే గ్రూప్‌లో పెట్టానండీ రేపు కుదరదని, చూళ్ళేదా అన్నారు. పైకి స్క్రోల్ చేసి చూస్తే నిజంగానే పెట్టారు, ఆ తర్వాత వచ్చిన నలభై మెసేజ్‌ల కింద పడిపోయింది. ఆ రోజు దగ్గర్లో ఉన్న ఇంకొకామె పరిగెత్తుకుంటూ వెళ్ళింది కాబట్టి పిల్ల పరీక్ష రాయగలిగింది, అయినా మొదటి ఇరవై నిమిషాలు పోయాయి. ఆ ఇరవై నిమిషాలు ఆ అమ్మాయికి ఎవరూ తిరిగివ్వలేరు, ఆ విషయం నాకు ఇప్పటికీ మనసులో ఉంది.

అందుకే ఈ టూల్స్ చూసేటప్పుడు నేను ఫీచర్ల లిస్టు చూడను. స్లాట్ బుక్ చేసుకోవడం అన్ని టూల్స్‌లోనూ తేలికే, లింక్ నొక్కాలి, తేదీ ఎంచుకోవాలి, పేరు కొట్టాలి, అయిపోయింది, డెమోలో కూడా అదే చూపిస్తారు. తేడా అంతా బుక్ చేసుకున్న మనిషికి జ్వరం వచ్చినప్పుడు, ఆఫీసులో సెలవు దొరకనప్పుడు తెలుస్తుంది. ఆ మనిషి ఎవరికీ ఫోన్ చెయ్యకుండా, ఎవరినీ బతిమాలకుండా రాలేనని చెప్పగలగాలి, చెప్పిన నిమిషంలోనే ఆ స్లాట్ ఖాళీ అని మిగతావాళ్ళకి తెలియాలి. నా రివ్యూ మొత్తం ఈ ఒక్క విషయం మీదే నడుస్తుంది.

ముందు అందరూ వాడే గూగుల్ షీట్ గురించి. చిన్న గ్రూప్‌కి, అంటే పదిహేను ఇరవై మందికి, షీట్ సరిపోతుంది, దాన్ని తక్కువ చెయ్యను. ఎవరు ఏం మార్చారో వెర్షన్ హిస్టరీలో కనపడుతుంది, ముఖ్యమైన కాలమ్స్‌ని లాక్ చేసి పెట్టుకోవచ్చు. కానీ ఇద్దరు ఒకే గడిలో పేరు రాస్తే చివర రాసిన పేరే మిగులుతుంది, మొదటి ఆయనకి తన పేరు పోయిందని తెలియదు. రిమైండర్ దానంతట అది వెళ్ళదు. ఫోన్‌లో షీట్ తెరిచి సరైన వరస వెతుక్కోవడం పెద్దవాళ్ళకి చాలా కష్టం, ఒకసారి ఎవరో తెలియక ఒక వరస మొత్తం డిలీట్ చేశారు, హిస్టరీలోంచి వెనక్కి తెచ్చుకున్నాం.

షీట్ బదులు గూగుల్ ఫామ్ పెడదామని కొందరు అంటారు. ఫామ్‌లో ఒక ఆప్షన్‌కి ఇంతమందే అని హద్దు పెట్టే సౌకర్యం సొంతంగా లేదు, దానికి విడిగా యాడ్-ఆన్, అంటే ఫామ్‌కి జతచేసే చిన్న ప్రోగ్రామ్, వేసుకోవాలి, లేకపోతే ఇద్దరు కావాల్సిన చోటికి తొమ్మిది మంది టిక్ పెడతారు. వాట్సాప్ పోల్‌కి కూడా ఇదే సమస్య. వాట్సాప్ గ్రూప్‌లో 1024 మంది దాకా పడతారు, 2022 నుంచి పోల్స్ కూడా ఉన్నాయి, మాట చేరెయ్యడానికి దాన్ని మించింది లేదు, కానీ అది షెడ్యూల్ కాదు. నిన్న ఎవరు ఏం ఒప్పుకున్నారో రేపు వెతికి పట్టుకోవాలంటే మా గ్రూప్‌లో జరిగిందే మీ దగ్గరా జరుగుతుంది.

తర్వాతి మెట్టు సైనప్ షీట్ తరహా టూల్స్. సైనప్‌జీనియస్, ముందు వాలంటీర్‌స్పాట్ అనే పేరుతో ఉన్న సైనప్ డాట్ కామ్, ఇవన్నీ ఆ రకం. స్లాట్లు పెడతారు, ఒక్కో స్లాట్‌కి ఎంతమంది కావాలో చెప్తారు, నిండితే ఇంక ఎవరినీ తీసుకోదు, షీట్‌లో జరిగే పేరు మీద పేరు గొడవ ఇక్కడితో పోతుంది. రిమైండర్ ఈమెయిల్ దానంతట అదే వెళ్తుంది. సైనప్‌జీనియస్‌లో నాకు బాగా నచ్చింది ఏంటంటే వాలంటీర్ అకౌంట్ తెరవక్కర్లేదు, పేరు, ఈమెయిల్ ఇస్తే చాలు, ఈ ఒక్కదానివల్లే చాలామంది మధ్యలో వదిలెయ్యకుండా చివరిదాకా వస్తారు. ఉచిత వెర్షన్‌లో యాడ్స్ ఉంటాయి, అది ముందే తెలుసుకుని వెళ్ళండి, ఎందుకంటే స్క్రీన్ రీడర్‌తో, అంటే స్క్రీన్ మీదున్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌తో, వాడేవాళ్ళకి పేజీలో యాడ్స్ ఉంటే అసలు బటన్ దగ్గరికి చేరడానికి చాలా సేపు పడుతుంది. మా విద్యార్థుల్లో ఇద్దరు ఇప్పుడు జూనియర్లకి పాఠాలు రికార్డ్ చేసే వాలంటీర్లు కూడా, కాబట్టి మాకిది చిన్న విషయం కాదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తా. మేం షీట్ మానేసి మొదట తీసుకున్న టూల్ పేరు చెప్పను, పేజీలు అందంగా ఉండేవి, బుకింగ్ చాలా తేలిక. మొదటి నెలలోనే అన్ని స్లాట్లూ నిండిపోయాయి, మేమంతా ఎంత సంతోషపడ్డామో. రెండో నెలలో రాకుండా మానేసేవాళ్ళు షీట్ రోజుల కంటే ఎక్కువయ్యారు. ఎందుకో అర్థం కాలేదు. మా దగ్గర ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు ఉన్నారు, ఆయన చేతి రాత, ఓపిక రెండూ గొప్పవి, అలాంటాయన వరసగా రెండుసార్లు రాలేదు, ఫోన్ కూడా ఎత్తలేదు. చివరికి ఇంటికి వెళ్ళి కలిశాను.

"ఏంటి మాస్టారూ, ఒంట్లో బాలేదా?" అని అడిగా.

"బానే ఉన్నానమ్మా. ఆ రోజు మా మనవడి పని మీద వెళ్ళాల్సొచ్చింది. మానేద్దామని ఆ పేజీలో ఎంతసేపు వెతికినా ఎక్కడ నొక్కాలో దొరకలేదు. నీకు ఫోన్ చేద్దామంటే ముందు రోజు రాత్రి పదకొండు అయింది, ఆ టైంలో ఏం చేస్తాంలే అనుకున్నా. పొద్దున నువ్వు ఫోన్ చేస్తే ఏం మొహం పెట్టుకుని మాట్లాడాలో తెలియక ఎత్తలేదు."

ఆ టూల్‌లో క్యాన్సిల్ ఎలా ఉందో నేను అప్పటిదాకా వాలంటీర్ వైపు నుంచి చూడనే లేదు. ఇంటికొచ్చి వేరే ఈమెయిల్‌తో వాలంటీర్‌గా సైనప్ చేసి చూశా. కన్ఫర్మేషన్ మెయిల్‌లో క్యాన్సిల్ లింక్ లేదు. లాగిన్ అయ్యి, ప్రొఫైల్‌లోకి వెళ్ళి, హిస్టరీ తెరిచి, అక్కడ షిఫ్ట్ మీద నొక్కితే "మీ కోఆర్డినేటర్‌ని సంప్రదించండి" అని వస్తుంది. అంటే నన్నే. రాత్రి పదకొండుకి నాకు మెయిల్ రాస్తే నేను పొద్దున ఆరింటికి చూస్తా, పరీక్ష తొమ్మిదికి. దీన్ని సెల్ఫ్ సర్వీస్ అని ఎలా అంటారో నాకు అర్థం కాలేదు, సగం పనే వాలంటీర్ చేతికి ఇచ్చారు, ఇంకో సగం నా దగ్గరే ఆగిపోయింది. సెట్టింగ్స్ మొత్తం వెతికా, సపోర్ట్‌కి రాశా, వాలంటీర్లు సులువుగా మానేస్తారని అలా పెట్టాం అన్నారు. మాకు జరిగింది దానికి పూర్తి వ్యతిరేకం. మానేయాల్సిన మనిషి ఎలాగూ మానేశాడు, చెప్పే దారి లేక చెప్పకుండా మానేశాడు అంతే.

వేరే టూల్‌కి మారాక మొదట చూసుకున్నది రిమైండర్ మెసేజ్‌లోనే రెండు లింకులు ఉన్నాయా లేదా అని, ఒకటి "వస్తాను", ఒకటి "రాలేను". రెండోది నొక్కితే లాగిన్ అడక్కూడదు, ఖాయమేనా అని ఒక్కసారి అడిగి స్లాట్ వదిలెయ్యాలి. ఇంకొకటి కూడా గమనించండి, కొన్నింట్లో రాలేను అని నొక్కగానే కారణం రాయమని ఒక బాక్స్ వస్తుంది, అది రాయకుండా ముందుకి పోనివ్వదు. అక్కడ మళ్ళీ ఆగిపోతారు మనుషులు, ఇంట్లో సంగతులు ఎవరు రాస్తారు చెప్పండి. ఆ బాక్స్ తీసేసే సెట్టింగ్ ఉంటే తీసెయ్యండి, తీసే వీలు లేకపోతే కనీసం ఖాళీగా వదిలేలా మార్చండి.

స్లాట్ ఖాళీ అయ్యాక ఏం జరుగుతుందన్నది దీనికి తోడబుట్టిన ప్రశ్న. కొన్ని టూల్స్‌లో కోఆర్డినేటర్‌కి ఒక మెయిల్ వచ్చి ఊరుకుంటుంది, అది సరిపోదు. వెయిటింగ్ లిస్టులో ఉన్న వాళ్ళకి వెంటనే కబురు వెళ్ళాలి, లేదా ఆ పని చెయ్యగలిగిన వాళ్ళందరికీ వెళ్ళాలి, ముందు ఒప్పుకున్న వాళ్ళకి ఇచ్చి మిగతావాళ్ళకి నిండిపోయింది అని చూపించాలి. ఇద్దరు వాలంటీర్లు తమలో తాము షిఫ్టులు మార్చుకునే ఆప్షన్ కూడా చాలా టూల్స్‌లో ఉంది, మాకైతే చాలా పనికొచ్చింది, కానీ మార్పిడికి కోఆర్డినేటర్ ఓకే చెప్పాలా వద్దా అనేది మీరే పెట్టుకునేలా ఉండాలి. రికార్డింగ్ పనికి ఎవరు మారినా ఫర్వాలేదు కాబట్టి మేం ఓకే పెట్టలేదు. పరీక్షలకి పెట్టాం, ఎందుకంటే కెమిస్ట్రీ పేపర్‌కి వెళ్ళే మనిషికి ఈక్వేషన్లు రాయడం తెలియాలి.

దీన్ని ఇంకో రకంగా చేసే టూల్స్ కూడా ఉన్నాయి. చర్చిలు వాడే ప్లానింగ్ సెంటర్ సర్వీసెస్ చూడండి, అక్కడ కోఆర్డినేటరే మనుషుల్ని షెడ్యూల్‌లో పెడతారు, వాళ్ళకి రిక్వెస్ట్ వెళ్తుంది, వాళ్ళు ఒప్పుకుంటారు లేదా కాదంటారు. కాదనడం కూడా ఒప్పుకోవడం అంత మామూలు విషయంలా పక్కపక్కనే ఉంటుంది. తమకి కుదరని తేదీల్ని ముందే బ్లాక్ చేసి పెట్టుకోవచ్చు, అప్పుడు ఆ తేదీకి వాళ్ళని అడగబోతే కోఆర్డినేటర్‌కి తెలుస్తుంది. ఇది చర్చి పనులకోసం కట్టిన టూల్ కాబట్టి మిగతా సంస్థలకి అన్నీ అతకవు, అయినా ఆ బ్లాక్ తేదీల ఆలోచన చాలా మంచిది. మీరు ఏ టూల్ తీసుకున్నా అందులో ఇది ఉందేమో అడగండి, పరీక్షల నెలకి ముందే సగం క్యాన్సిళ్ళు దీనితోనే తగ్గిపోతాయి.

పెద్ద సంస్థలకైతే వోల్జిస్టిక్స్, బెటర్ ఇంపాక్ట్ లాంటివి ఉన్నాయి. ఇవి సైనప్ షీట్లు కావు, మొత్తం వాలంటీర్ల రికార్డు పెట్టుకునే డేటాబేస్‌లు, హాస్పిటల్స్, మ్యూజియమ్స్ లాంటి చోట్లకి సరిపోతాయి. వోల్జిస్టిక్స్‌లో వాలంటీర్లకి విక్‌నెట్ అని విడిగా పోర్టల్ ఉంటుంది, అందులో తమ షెడ్యూల్ చూసుకోవచ్చు, ఖాళీలకి సైనప్ అవ్వొచ్చు, చేసిన గంటలు ఎక్కించుకోవచ్చు. బెటర్ ఇంపాక్ట్‌లో వాలంటీర్ వైపు పేజీని మైఇంపాక్ట్‌పేజ్ అంటారు, ఒకే మనిషి రెండు మూడు సంస్థల్లో పనిచేస్తుంటే అన్నిటికీ ఒకే లాగిన్ సరిపోతుంది. ట్రైనింగ్ పూర్తయ్యిందా, వెరిఫికేషన్ అయ్యిందా లాంటివి రికార్డులో పెట్టుకుని, అవి ఉన్నవాళ్ళకే ఆ పని ఇవ్వాలి అనుకునేవాళ్ళకి ఈ తరహా కావాలి, పిల్లలతో పనిచేసే సంస్థలైతే దీని దగ్గర రాజీ పడొద్దు. కానీ సెటప్‌కి వారాలు పడుతుంది, ఎవరో ఒకరు కూర్చుని నేర్చుకోవాలి. 70 మందికి అంత అవసరమా అని మేం చాలా చర్చించుకుని వద్దనుకున్నాం. 300 దాటితే మళ్ళీ ఆలోచిస్తాం.

మీ దగ్గర సర్వర్ చూసుకునే మనిషి ఉంటే సివిసిఆర్ఎమ్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఉంది, సంస్థలు తమ సభ్యుల, దాతల వివరాలు పెట్టుకోవడానికి వాడేది, దానికి సివివాలంటీర్ అని ఎక్స్‌టెన్షన్ దొరుకుతుంది, వెబ్‌సైట్లు నడిపే వర్డ్‌ప్రెస్, డ్రూపల్ లాంటి వాటి మీద నడుస్తుంది. డేటా మొత్తం మీ దగ్గరే ఉంటుంది. ఆ మనిషి లేకపోతే దాని జోలికి వెళ్ళకండి, అప్‌డేట్లు చెయ్యకపోతే సెక్యూరిటీ సమస్య మీ మెడకే చుట్టుకుంటుంది.

రిమైండర్ల గురించి కొంచెం. ఒక్క రిమైండర్ చాలదు. మేం రెండు పెట్టాం, మూడు రోజుల ముందు ఒకటి, ముందు రోజు పొద్దున ఒకటి. మూడు రోజుల ముందుదే ముఖ్యం, ఎందుకంటే అప్పుడు రాలేనంటే ఇంకొకరిని చూసుకోవడానికి టైం ఉంటుంది. ముందు రోజు రాత్రి వెళ్ళే రిమైండర్ వల్ల క్యాన్సిల్స్ వస్తాయి గానీ మనం చెయ్యగలిగేది ఏమీ ఉండదు. ఎస్సెమ్మెస్ రిమైండర్ చాలా టూల్స్‌లో పెయిడ్ ప్లాన్‌లోనే ఇస్తారు, నెలకి ఇన్ని అని లెక్క ఉంటుంది, ఇక్కడ తెలుగువాళ్ళకి ఒక చిక్కుంది. ఇంగ్లీష్ అక్షరాలతో ఒక ఎస్సెమ్మెస్‌లో 160 అక్షరాలు పడతాయి, తెలుగులో రాస్తే యూనికోడ్ అనే వేరే పద్ధతిలో వెళ్తుంది కాబట్టి 70 మాత్రమే, పైగా వత్తులు, గుణింతాలు అన్నీ విడివిడిగా లెక్కలోకి వస్తాయి, "స్క్రై" అని ఒక్క అక్షరంలా కనపడేదే ఆరు తింటుంది. మా మొదటి తెలుగు రిమైండర్ ఒక్కోటి మూడు మెసేజ్‌లుగా లెక్కపడి కోటా పదో తారీఖుకే అయిపోయింది. ఇప్పుడు తేదీ, టైం, సెంటర్, లింక్, అంతే పెడుతున్నాం.

క్యాలెండర్‌కి కలుపుకోండి అని ఒక బటన్ ఉంటుంది చూడండి, దానిలో రెండు రకాలు ఉంటాయి. ఒకటి ఆ క్షణంలో ఉన్న షిఫ్ట్‌ని ఫైల్‌లా దించి క్యాలెండర్‌లో వేస్తుంది, తర్వాత మీరు టైం మార్చినా అక్కడ మారదు. రెండోది సబ్‌స్క్రిప్షన్ లింక్, అది తర్వాత వచ్చే మార్పుల్ని కూడా తెచ్చుకుంటుంది, కానీ వెంటనే కాదు, గూగుల్ క్యాలెండర్‌లో కొన్ని గంటలు పట్టొచ్చు. అందుకే చివరి నిమిషంలో సెంటర్ మారితే క్యాలెండర్‌ని నమ్ముకోకుండా ఫోన్ చెయ్యండి. టైం జోన్ సెట్టింగ్ మొదటి రోజే చూసుకోండి, చాలా టూల్స్ సైనప్ అప్పుడు ఏదో ఒక టైం జోన్ వాటంతట అవే పెట్టేసుకుంటాయి, మనం మార్చకపోతే రిమైండర్‌లో టైం తప్పు పడుతుంది.

ప్రైవసీ విషయంలో నేను చాలా గట్టిగా ఉంటా. సైనప్ పేజీ లింక్ ఎవరి దగ్గరుంటే వాళ్ళు తెరవొచ్చు, అందులో మన వాలంటీర్ల పేర్లు, నంబర్లు అందరికీ కనపడుతున్నాయా అని లాగిన్ లేకుండా వేరే బ్రౌజర్‌లో తెరిచి చూడండి. పేర్లు దాచే సెట్టింగ్ ఉంటే ఆన్ చెయ్యండి. మేం ఇంకో తప్పు చేశాం, స్లాట్ పేరులోనే స్టూడెంట్ పేరు, సెంటర్ రాసేవాళ్ళం, అంటే చూపు లేని ఒక అమ్మాయి ఏ రోజు ఏ టైంకి ఎక్కడుంటుందో లింక్ ఉన్న ప్రతి మనిషికీ తెలుస్తుంది. ఒక స్టూడెంట్ వాళ్ళ అమ్మగారు అడిగేదాకా మాకు తట్టలేదు, అందుకు ఆవిడకి చాలా రుణపడి ఉన్నాం. ఇప్పుడు స్లాట్‌లో సబ్జెక్ట్, ఏరియా మాత్రమే ఉంటాయి, మిగతా వివరాలు ఖాయమైన వాలంటీర్‌కి విడిగా వెళ్తాయి.

టూల్ మారేటప్పుడు పాత డేటా బయటికి తెచ్చుకోవాలి కదా, డేటాని ఎక్సెల్‌లో తెరుచుకునే ఫైల్‌లా దించుకునే సీఎస్‌వీ ఎక్స్‌పోర్ట్ ఉందో లేదో ట్రయల్‌లోనే నొక్కి చూడండి. తెలుగు పేర్లు ఉన్న ఫైల్‌ని డబుల్ క్లిక్ చేసి ఎక్సెల్‌లో తెరిస్తే పిచ్చి గీతల్లా కనిపించొచ్చు, కంగారు పడొద్దు, డేటా పోలేదు. ఎక్సెల్‌లో డేటా మెనూ నుంచి ఇంపోర్ట్ చేసి యూటీఎఫ్-8 (తెలుగు అక్షరాల్ని సరిగ్గా చదివే పద్ధతి) ఎంచుకుంటే సరిగ్గా వస్తుంది, లేదా గూగుల్ షీట్స్‌లో తెరవండి. అది తెలియక నేను రెండు రోజులు కూర్చుని పేర్లన్నీ మళ్ళీ టైప్ చేశా.

ఇప్పుడు మేం వాడేది సైనప్ షీట్ తరహాదే, రిమైండర్‌లోనే రాలేను లింక్ ఉన్నది. క్యాన్సిల్స్ లెక్క పెరిగింది, అది నిజం, అందరూ ధైర్యంగా నొక్కుతున్నారు. చెప్పకుండా రాకపోవడం మాత్రం గత సీజన్‌లో ఒక్కసారే జరిగింది, అదీ ఒకాయనకి దారిలో యాక్సిడెంట్ అయ్యి. మాస్టారు కిందటి నెలలో రెండు రోజుల ముందు రాలేను అని నొక్కారు, గంట లోపే ఇంకొకామె ఆ స్లాట్ తీసుకుంది, నాకు రెండు మెయిల్స్ కలిపి కనిపించాయి. తర్వాతి వారం ఆయనే ఎప్పట్లా వచ్చి మూడు గంటల పేపర్ రాశారు.

మీరు ట్రయల్ తీసుకుంటే ఐదుగురిని, అందులో ఇద్దరు ఫోన్ అంతగా అలవాటు లేనివాళ్ళని పిలవండి. బుక్ చెయ్యమని చెప్పి, మర్నాడు క్యాన్సిల్ చెయ్యమని అడగండి, మీరు పక్కన కూర్చుని ఏమీ చెప్పకుండా చూడండి. పాస్‌వర్డ్ దగ్గర ఆగిపోతే ఆ టూల్ వద్దు, మెయిల్‌కో ఫోన్‌కో వచ్చే లింక్‌తో లోపలికి వెళ్ళేది చూసుకోండి. కోఆర్డినేటర్ ఇంకొకరి తరఫున బుక్ చెయ్యగలిగే వీలు కూడా ఉండాలి, ఎందుకంటే ఎంత తేలికైన టూల్ తెచ్చినా వాడలేనివాళ్ళు కొందరు ఉంటారు. మా దగ్గర నలుగురున్నారు. ప్రతి ఆదివారం సాయంత్రం నేనే వాళ్ళకి ఫోన్ చేసి, ఈ వారం ఎప్పుడు కుదురుతుందో అడిగి వాళ్ళ పేర్లు నేనే ఎక్కిస్తా, బుధవారం మళ్ళీ ఒకసారి చేసి వస్తున్నారా లేదా కనుక్కుంటా.